జమ్ము వేళ్ల దగ్గర

ఈ రోజు ఉదయం కొల్లేరు అంచున, చేపల చెరువుల నీళ్లు వదిలే మురుగు కాలువ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. పూడిక తీస్తున్న కూలీలు జమ్మును దుంపలతో సహా పెరికి ఒడ్డున పడేస్తున్నారు. నేను వేళ్లకేసే చూస్తున్నానని గమనించిన ఒక పెద్దాయన, "ఏమ్మా, మందుకా?" అంటూ ఒక మొక్క నా చేతికిచ్చారు.

బురద నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంది. కానీ నీళ్లలో జాడించి చూస్తే లేత వేళ్ల మీద తుప్పు రంగు పూత పలచగా కనిపించింది. ప్రాణవాయువు లేని ఆ బురదలో నీటిలో కరిగి ఉండే ఇనుము, వేరు నుంచి బయటికి ఊరే ప్రాణవాయువు తగలగానే తుప్పుగా మారి అక్కడే పేరుకుంటుంది. ఆకును అడ్డంగా కోసి చూస్తే వరుసగా గాలి గదులు ఉన్నాయి. పైగాలి ఆ దారినే దుంపకూ, వేళ్లకూ దిగుతుంది.

నన్ను కట్టిపడేసేది ఆ పూత చుట్టూ జరిగే పని. చెరువుల్లో మిగిలిపోయిన మేత, చేపల విసర్జన కలిసి అమ్మోనియా అవుతాయి. ఈ ప్రాంతపు రైతులు భయపడేదీ దానికే. వేరును అంటిపెట్టుకుని ప్రాణవాయువు అందే చోట కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు మెట్లకూ వేర్వేరు జీవులు కావాలని 1890 ప్రాంతంలో రష్యా సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ చూపించిన నాటి నుంచి అందరూ నమ్మారు. రెండూ ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియా 2015లో బయటపడింది. అది దొరికిన చోట్లలో ఒకటి చేపల పెంపకపు నీటిని శుద్ధి చేసే ఫిల్టరు కావడం నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి.

అక్కడి నుంచి కొద్ది మిల్లీమీటర్లు దాటితే ప్రాణవాయువు ఉండదు. అక్కడుండే జీవులు నైట్రేట్‌తోనే శ్వాసించి, అందులోని నత్రజనిని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. ఒకరికి ప్రాణవాయువు లేనిదే పని సాగదు, మరొకరికి అది ఉంటే సాగదు. వేరు ఊపిరి వల్లనే ఇద్దరూ ఇంత దగ్గరగా బతకగలుగుతున్నారు. అయితే ఈ మార్పులో చివరి మెట్టు పూర్తి కాకపోతే నత్రజనికి బదులు నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు బయటికి వస్తుంది. నూరేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి జమ్ము ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు.

కాలువ పారాలంటే జమ్మును తీయక తప్పదని నేనూ ఒప్పుకుంటాను. కానీ గట్టు పొడవునా ఒక వరుసనైనా ఉంచాలనీ, దాన్ని కోయవలసి వస్తే నీటి మట్టానికి పైనే కోయాలనీ ఆ పెద్దాయనతో చెప్పాను. నీటి అడుగున కోస్తే గాలి గదుల్లోకి నీళ్లు చేరి, దుంపకు ఊపిరి అందక చచ్చిపోతుంది. "అది మాకు తెలుసమ్మా, మళ్లీ మొలవకూడదనే అడుక్కి కోస్తాం" అన్నారాయన.