పన్నెండు వందల మంది జిల్లా

శనివారం, రాత్రి పదిన్నర.

నాన్న ఇప్పుడే పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర రావడం లేదు. ఈ రోజు పెద్ద విశేషమేమీ జరగలేదు. కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో మా ఇంటి నుంచి పొద్దున ఏడింటికి బయల్దేరి కొండల్లోకి వెళ్లి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాం. అక్టోబరు కదా, ఆస్పెన్ చెట్లు పసుపు రంగుకు తిరిగుంటాయి, నాన్నకు చూపిద్దామనుకున్నాను. అమ్మ రానంది. ఘాట్ రోడ్డంటే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్ది పంపింది.

లూథర్ పాస్ అనే కనుమ దగ్గర ఆల్పైన్ కౌంటీ మొదలవుతుంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదని చెప్పగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "జనాభా ఎంతమ్మా?"

ఎక్కడికి తీసుకెళ్లినా ఆయన ముందు అడిగేది అదే. ముప్పై ఏళ్లు మండలాఫీసులో పనిచేసిన మనిషి. 2001లో సీతంపేట కొండల్లో జనాభా లెక్కల డ్యూటీ చేశారు. ఎనిమిది ఇళ్లున్న సవర గూడెం కోసం పొద్దంతా కొండెక్కి, అక్కడే గంజి తాగి, మర్నాడు దిగొచ్చిన సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పారో!

"1,204 మంది నాన్నా. 2020 లెక్క."

"వేలలోనా?"

"కాదు. మనుషులే. వెయ్యిన్నీ రెండు వందల నలుగురు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత విస్తీర్ణం అడిగారు. 743 చదరపు మైళ్లు, అంటే దాదాపు 1,900 చదరపు కిలోమీటర్లు అన్నాను. కాలిఫోర్నియాలోని 58 కౌంటీల్లో ఇంత తక్కువ మంది ఇంకెక్కడా లేరు. మున్సిపాలిటీ అన్నదే లేదు. నాన్న జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నారు.

హోప్ వ్యాలీలో కారు ఆపాం. గడ్డి ఎండి గోధుమ రంగులో ఉంది. దాని అంచున ఆస్పెన్లు పసుపు ముద్ద పూసినట్టున్నాయి. గాలి వీచినప్పుడల్లా ఆకులన్నీ ఒకేసారి గలగలమన్నాయి. నాన్న చెట్టు కింద నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూశారు. నేను ఫోటో తీయబోతే వద్దన్నారు, అలా చూడనివ్వమని.

అక్కడి నుంచి ఉడ్‌ఫోర్డ్స్ మీదుగా కౌంటీ కేంద్రం మార్క్‌లీవిల్ వెళ్లే దారిలో రంగు మారిపోయింది. రోడ్డుకు రెండు వైపులా నిలువునా మాడిన మొద్దులు. 2021 జులైలో వచ్చిన టామరాక్ మంట అది. ఆ వారమే మేం దగ్గర్లోని గ్రోవర్ హాట్ స్ప్రింగ్స్ పార్కులో టెంటు వేద్దామని అనుకున్నాం కాబట్టి తేదీలతో సహా గుర్తుంది. జులై 4న పిడుగు పడి అంటుకుంది. దిగి ఆర్పడం సిబ్బందికి ప్రమాదమని, చిన్న మంటే కదా అని అటవీశాఖ దాన్ని గమనిస్తూ వదిలేసింది. 16న గాలి లేచింది. మార్క్‌లీవిల్ మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. చివరికి 68 వేల ఎకరాలకు పైగా కాలి, మంట నెవాడాలోకి కూడా దాటింది. ఈ కౌంటీ గురించి నేను చదవడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.

"అడవి ఎవరిది?" అన్నారు నాన్న.

అసలు విషయమంతా అక్కడే ఉంది. ఈ కౌంటీ భూమిలో తొంభై శాతానికి పైగా ప్రభుత్వానిదే, అందులో అత్యధిక భాగం కేంద్రానిది. కేంద్రం భూమి మీద స్థానికంగా పన్ను వేయడానికి వీల్లేదు. దానికి బదులుగా 1976 చట్టం ప్రకారం వాషింగ్టన్ నుంచి ఏటా కొంత సొమ్ము వస్తుంది. అంటే చుట్టూ ఉన్న కొండ, చెట్టు, వాగు గురించి నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, మంట వస్తే ఊరు ఖాళీ చేయాల్సింది మాత్రం ఇక్కడివాళ్లు. నాన్నకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రిజర్వు ఫారెస్టుకూ పోడుకూ మధ్య నలిగిన గూడేల కాగితాలు ఆయన చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి.

మార్క్‌లీవిల్ అంటే ఒక మలుపు, నాలుగు కొట్లు. కోర్టు భవనం మాత్రం చూడాల్సిందే. 1928లో కట్టారు, రాతి గోడలు, దిట్టంగా ఉంది. "ఏటమ్మా, జిల్లా కేంద్రమంతా ఇదేనా?" అంటూ నాన్న దాని చుట్టూ ఒకసారి నడిచొచ్చారు. ఆ మెట్ల పక్కనే కూర్చుని పులిహోర తిన్నాం.

తింటూ ఆయన ఒక్కొక్కటే అడిగారు. షెరీఫ్ ఉన్నాడా? ఉన్నాడు, పోలీసు అధికారే అయినా ఎన్నికైనవాడే. ప్రాసిక్యూటర్? ఆయనా ఎన్నికయ్యేవాడే. పాలించేది? అయిదుగురు సూపర్‌వైజర్లు, ఒక్కొక్కరూ ఒక్కో డివిజన్ నుంచి. అంటే ఒకరికి సుమారు రెండు వందల నలభై మంది జనం, పిల్లలతో కలిపి. నాన్న చెయ్యి ఆగిపోయింది. "మన ఊళ్లో వార్డు మెంబరుకి ఇంతకంటే ఎక్కువ ఓట్లున్నాయి" అన్నారు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడ బైడెన్‌కు 476 ఓట్లు, ట్రంప్‌కు 244. ఒకప్పుడు రిపబ్లికన్ల చోటు, 2000లో బుష్‌కే వేసింది. 2004 నుంచి డెమోక్రాట్ల వైపు తిరిగింది. చుట్టుపక్కల కొండ కౌంటీలు చాలావరకు రిపబ్లికన్ల వైపే ఉండగా ఇది ఇటు రావడానికి కిర్క్‌వుడ్, బేర్ వ్యాలీ మంచు రిసార్టుల చుట్టూ స్థిరపడినవాళ్లు ఒక కారణమని నా నమ్మకం.

ఇంత తక్కువ ఓట్లున్న చోటు మీద బయటివాళ్ల కన్ను పడకుండా ఉంటుందా? 1970లో, ఇక్కడ అయిదు వందల మంది కూడా లేనప్పుడు, లాస్ ఏంజెలెస్‌లోని గే ఉద్యమకారులు కొన్ని వందల మంది ఇక్కడికి తరలివచ్చి, ఓటర్లుగా చేరి, తమ షెరీఫ్‌ను తామే ఎన్నుకోవాలని పథకం వేశారు. స్థానికులు హడలిపోయారు. చివరికి ఎవరూ రాలేదు. నాకు మాత్రం ఆ రెండు భయాలూ అర్థమవుతాయి. నగరంలో పోలీసుల చేతిలో నలిగినవాళ్లు తమదంటూ ఒక చోటు కోరుకున్నారు. ఉన్న గుప్పెడు మందీ తమ చోటు ఎక్కడ చేజారుతుందోనని బెంగపడ్డారు.

1970లోనే ఇంకొకటి జరిగింది. ఉడ్‌ఫోర్డ్స్ దగ్గర వాషో తెగవారి కోసం అమెరికా కాంగ్రెస్ 80 ఎకరాలు కేటాయించింది. తాహో సరస్సు, ఈ లోయలు అన్నీ వేల ఏళ్లుగా వాళ్లవే. 1850ల తర్వాత వెండి కోసం, కలప కోసం వచ్చినవాళ్లు అంతా ఆక్రమించారు. 1864లో ఈ కౌంటీ పుట్టిందే వెండి గనుల వల్ల. వెండి ధర పడ్డాక వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. 1920, 1930 లెక్కల్లో ఇక్కడ రెండున్నర వందల మంది కూడా లేరు. వాషోలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇవాళ కౌంటీ జనాభాలో దాదాపు ఐదోవంతు అమెరికా మూలవాసులే. ఆ 80 ఎకరాల మాట చెప్పినప్పుడు నాన్న "ఎనభై వేలా?" అనలేదు. ఆ సంఖ్య ఆయన ఒక్కసారికే నమ్మారు.

తిరుగు ప్రయాణంలో మా మధ్య చిన్న వాదన అయింది. మొదలుపెట్టింది నేనే.

1960ల దాకా కాలిఫోర్నియా సెనేట్‌లో, అంటే రాష్ట్ర ఎగువ సభలో, ఏ కౌంటీకీ ఒకరికి మించి సభ్యులు ఉండకూడదని నియమం. లాస్ ఏంజెలెస్ కౌంటీలో అరవై లక్షల మందికి ఒకే సెనేటర్. ఆల్పైన్, ఇన్యో, మోనో కౌంటీలు మూడింటికీ కలిపి, అంటే పద్నాలుగు వేల మందికి కూడా ఒక సెనేటర్. 1964లో అలబామా రాష్ట్రం కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి పద్ధతి కుదరదంది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ అంతకుముందు ఇదే రాష్ట్రానికి గవర్నరు. అప్పట్లో ఈ పద్ధతిని సమర్థించినవాడే. తీర్పులో మాత్రం చట్టసభల్లో ఉండేవాళ్లు మనుషులకు ప్రతినిధులు, చెట్లకూ ఎకరాలకూ కాదని రాశాడు.

"సరిగ్గానే అన్నాడు కదా" అన్నాను.

నాన్న ఒప్పుకోలేదు. లెక్కలు రాసే మనిషి, తలల్ని బట్టే సీట్లంటారని అనుకున్నాను. "మనకి ఇప్పుడు నియోజకవర్గాల పునర్విభజన గోల చూడటం లేదా? 1971 జనాభా లెక్కతోనే ఇన్నాళ్లూ రాష్ట్రాలకి సీట్లు ఆపి ఉంచారు. పిల్లల్ని తక్కువ కన్న రాష్ట్రాలకి సీట్లు తగ్గితే మనం ఊరుకుంటామా? చెట్లకి ఓటు అక్కర్లేదమ్మా. చెట్ల మధ్య ఉన్నవాడి మాట వినేవాడు ఒకడుండాలి కదా."

లాస్ ఏంజెలెస్‌లో ఉన్న పేదవాడి ఓటు ఈ కొండ మీద ఉన్నవాడి ఓటులో నాలుగు వందో వంతు కావడం అన్యాయం కాదా అని అడిగాను. అది అన్యాయమేనని ఒప్పుకున్నారు. కానీ ఆ అన్యాయాన్ని తీసేసిన రోజున కొండకి ఏం మిగిలిందని మళ్లీ ఆయనే అడిగారు. నా దగ్గర తేలిగ్గా చెప్పే జవాబు లేదు. తీర్పు సరైనదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కాలిపోయిన ఆ మొద్దుల మధ్య నుంచి కారు నడుపుతూ అదే మాట గట్టిగా అనలేకపోయాను.

కౌంటీలో ఆస్పత్రి లేదని చెప్పాను. హైస్కూలు పిల్లలు బస్సెక్కి నెవాడా వైపు వెళ్తారు. చలికాలంలో ఎబెట్స్ పాస్ మూసేస్తే బేర్ వ్యాలీ వాళ్లకి సొంత జిల్లా కేంద్రానికి నేరుగా దారుండదు, వేరే కౌంటీల మీదుగా చుట్టూ తిరిగి రావాలి. 1911 మార్చిలో బేర్ వ్యాలీ పక్కనున్న టామరాక్ దగ్గర నేల మీద 451 అంగుళాల మంచు కొలిచారు, అంటే ముప్పై ఏడు అడుగుల పైమాటే. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ రోజుల్లో నొప్పులొస్తే ఏం చేసేవాళ్లో" అన్నారు. ఆయన కళ్ల ముందు డోలీ కట్టి మోసుకొచ్చిన ఆడవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

మేయర్స్ అనే ఊరు దాటాక ఫోనుకి సిగ్నల్ వచ్చింది. నాన్న వెంటనే అమ్మకి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టి, "జిల్లా మొత్తం కలిపి పన్నెండు వందల మందే" అని గొప్ప వార్త చెబుతున్నట్టు చెప్పారు.

"మరి కూరగాయలు ఎక్కడ కొనుక్కుంటారండీ?" అంది అమ్మ.

"సరుకులకి పక్క రాష్ట్రం వెళ్తారట."

"అయ్యో" అంది అమ్మ. ఒక క్షణం ఆగి, "మీరు తొందరగా వచ్చేయండి, చీకటి పడుతుంది. చారు పెట్టాను" అంది.