ముందు పోయేది 4ఎస్

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేటప్పుడు నాకు భలే ఇష్టమైన పాఠం పరివర్తన మూలకాలది. బోర్డు మీద ఇనుముతో మొదలుపెడతాను. పరమాణు సంఖ్య 26, అంటే 26 ఎలక్ట్రాన్లు. ఆర్గాన్ దాకా 18 పోతే మిగిలేవి 8: 4ఎస్, 3డి అనేవి ఎలక్ట్రాన్లు ఉండే ఉపకర్పరాలు కదా, 4ఎస్‌లో రెండు, 3డిలో ఆరు. ఇంతవరకు ఎవరికీ టెన్షన్ ఉండదు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము, అంటే ఫెర్రస్ అయాన్ రాయమంటే మాత్రం చాలామంది 3డి⁴ 4ఎస్² (పైన ఉన్న అంకె ఎలక్ట్రాన్ల సంఖ్య) అని రాసేస్తారు. చివర నిండింది 3డి కదా, పోయేదీ అదే అనుకుంటారు. కానీ కేంద్రకావేశం పెరిగేకొద్దీ 3డి శక్తి 4ఎస్ కంటే కిందికి దిగుతుంది. బయటి కర్పరంలోని 4ఎస్ ఎలక్ట్రాన్లే ముందు పోతాయి. మిగిలేది 3డి⁶. ఇది మాత్రం రాసి చూపించి, మళ్లీ వాళ్లచేత రాయిస్తాను.

క్రోమియం 3డి⁵ 4ఎస్¹, రాగి 3డి¹⁰ 4ఎస్¹ అని అందరూ బట్టీ పట్టేస్తారు. 3డి సగం గానీ పూర్తిగా గానీ నిండితే స్థిరత్వం అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. క్రోమియం గ్రూపులోనే కింద ఉన్న టంగ్‌స్టన్ 5డి⁴ 6ఎస్² గానే ఉంది మరి! పెల్లేడియంలో అయితే 5ఎస్ పూర్తిగా ఖాళీ, చివరి పది ఎలక్ట్రాన్లూ 4డిలోనే. ఈ రెండూ పరీక్షలో రాకపోయినా సరే, నేను చెప్పి తీరతాను.