నూట పదహారు బాబ్

నైరోబీలో ఏ వస్తువు ధర చూసినా నేనూ మా ఆవిడా మనసులోనే రూపాయల్లోకి మార్చేసుకుంటాం. రూపాయికి దాదాపు షిల్లింగున్నర. పిల్లలకి ఆ బాధ లేదు. వాళ్లకి యాభై బాబ్ అంటే యాభై బాబే (ఇక్కడ షిల్లింగుని అందరూ బాబ్ అనే అంటారు).

మొన్న శనివారం సందు చివర కూరలమ్మే ఆవిడ దగ్గర మా పాప సుకుమా (ఇక్కడి ఆకుకూర) కట్టలు స్వాహిలీలో బేరమాడింది. ఆవిడ ఆకంతా గుప్పిట పట్టి, చాకుతో వెంట్రుకల్లా సన్నగా తరిగిపెట్టింది. ప్లాస్టిక్ కవర్లు 2017లోనే నిషేధించారు కాబట్టి సంచి మాదే. అట్టముక్క మీద రాసున్న నంబరు చూసి పాప నా ఫోన్లోంచి ఎం-పెసా (ఇక్కడ ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతి) కొట్టింది. మెసేజ్ చూసుకుని ఆవిడ నాలుగు కొత్తిమీర రెబ్బలు సంచిలో పడేసింది. అడక్కుండా కొసరు! మా అమ్మకి కూడా అంత తేలిగ్గా దక్కదు.

ఈ ఎం-పెసా సంగతి వీడియో కాల్‌లో చెబితే, "మన గుంటూరులోనూ బండి దగ్గర ఫోన్‌పేనేరా" అంది అమ్మ. మా వాడు ఊరుకుంటాడా? "మీ యూపీఐ 2016లో వచ్చింది నానమ్మా, మా ఎం-పెసా 2007 నుంచీ ఉంది."

వాడికి తగ్గట్టు నేనూ చరిత్ర తీశాను. 1920 దాకా ఈ దేశంలో నడిచింది రూపాయేనని చెబితే నమ్మలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెండి ధర పెరిగి రూపాయి బలపడింది. పంట లండన్‌లో పౌండ్లకి అమ్ముకుని, ఇక్కడ కూలీలూ అప్పులూ రూపాయల్లో కట్టే తెల్ల భూస్వాములకి అది గిట్టలేదు. కొన్నాళ్లు ఫ్లోరిన్ అనే డబ్బు నడిపి, 1921లో తూర్పు ఆఫ్రికా షిల్లింగు తెచ్చారు. కెన్యా సొంత షిల్లింగు 1966లో వచ్చింది.

వాడి ప్రశ్న ఇంకొకటి: మీ నోట్లన్నిటి మీదా ఒక్క గాంధీ తాతేనా? ఇక్కడ 2010 రాజ్యాంగం ప్రకారం డబ్బు మీద ఏ వ్యక్తి బొమ్మా ఉండకూడదు. అందుకే కొత్త నాణేల మీద జిరాఫీ, ఖడ్గమృగం, సింహం, ఏనుగు. ఇరవై షిల్లింగుల ఏనుగు బిళ్లలు వాడి డబ్బాలో గలగలమంటుంటాయి. ఖర్చుపెట్టమంటే ప్రాణం పోతుంది.

ఒక్క లెక్కలో మాత్రం మావాళ్లు పక్కా తెలుగువాళ్లు. మా ఇంట్లో పనికి సాయంగా వచ్చే ఆంటీ కూతురు సెకండరీ స్కూల్లో చేరితే ఫీజుకి అందరూ తలా కొంత వేశారు. మా పాప పంపింది 116 బాబ్. పదహారేంటని ఆంటీ అడిగితే, సున్నాతో ఆపకూడదని మా నానమ్మ చెప్పిందంది. ఆవిడ పడీపడీ నవ్వింది. తర్వాత ఎప్పుడో ఆవిడ బంధువుల పెళ్లికి చందా పంపుతూ నాకు ఫోన్ చూపించింది: 516.