నొప్పికీ నొప్పికీ మధ్య ఆసుపత్రి దారి

పురిటి నొప్పులతో కారెక్కిన మనిషికి దారి కిలోమీటర్లలో కనిపించదు. మామూలు రోజుల్లో ముప్పావు గంటలో దాటే దూరాన్ని ఆ రాత్రి నేను నొప్పుల లెక్కన దాటాను. ఏ నొప్పి ఏ మలుపు దగ్గర మొదలైందో, ఏ కూడలి చేరేసరికి తగ్గిందో ఇప్పటికీ చెప్పగలను గానీ, రోడ్డుకు అటూ ఇటూ ఏమున్నదని అడిగితే మాత్రం చెప్పలేను. అది నా తొలి కాన్పు. కారు నడుపుతున్నది మా వారు, వెనక సీటులో నా పక్కన కూర్చున్నది మా అక్క. ఇద్దరు పిల్లల తల్లి కావడంతో ఆమె మాటకు ఆ రాత్రి డాక్టరు మాటతో సమానమైన విలువ ఉండింది.

ఎప్పుడు బయలుదేరాలన్నది ముందే తేల్చుకున్నాము. నొప్పులు ఐదేసి నిమిషాలకు ఒకటి చొప్పున వస్తూ, ఒక్కొక్కటి నిమిషం పాటు ఉంటూ, గంటసేపు అదే తీరుగా సాగితే రమ్మని తొలి కాన్పు వారికి చాలామంది వైద్యులు చెబుతారు. ఆసుపత్రి దూరమైనా, అంతకుముందు కాన్పు అయి ఉన్నా ఇంకా ముందే కదలమంటారు. ఎడాన్ని ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యే దాకా లెక్కపెట్టాలి. నొప్పి తగ్గిన క్షణం నుంచి లెక్కపెడితే ఎడం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించి ఇల్లంతా కంగారు పడుతుంది. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా, 37 వారాలు నిండకముందే నొప్పులు మొదలైనా ఈ లెక్కలేవీ వర్తించవు, వెంటనే ఆసుపత్రికి ఫోను చేయవలసిందే. మాకు అటువంటిదేదీ లేకపోవడంతో అక్క ఒక కాగితం మీద వేళలు వేసుకుంటూ కూర్చుంది. ఎడం ఐదు నిమిషాలకు దిగి అక్కడే నిలబడిన తరువాత ఆసుపత్రికి ఫోను చేసి, వస్తున్నామని చెప్పి లేచాము.

గుమ్మం దాటే ముందు అక్క నన్ను బలవంతంగా బాత్‌రూముకు పంపింది. మూత్రాశయం నిండుగా ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డమవుతుందని, పైగా రోడ్డు మీది ప్రతి గుంతా అక్కడే తగులుతుందని ఆమె అనుభవం. సీటు మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద రెండు తువ్వాళ్లు పరిచారు. వాంతి వస్తే పట్టుకోవడానికి ఒక గట్టి సంచి కూడా పెట్టుకున్నాము. నొప్పులు ముదిరాక వాంతులు కావడం చాలామందికి మామూలే.

నేను ముందు సీటులో కూర్చోలేదు. అక్కడ ఎయిర్‌బ్యాగు కడుపుకు దగ్గరగా ఉంటుంది, పైగా నడిపేవారి చూపు రోడ్డు మీద నుంచి నా ముఖం మీదికి వస్తుంది. వెనక సీటులోనైనా వెల్లకిలా వాలకూడదు. నిండు గర్భసంచి బరువు, ఒంటి కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర మీద పడి రక్తపోటు తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. అందుకని నిటారుగా కూర్చుని, కుడి తుంటి కింద మడత పెట్టిన తువ్వాలు దోపుకుని, ఒంటిని కాస్త ఎడమకు ఒరిగేటట్టు పెట్టుకున్నాను. బెల్టు విషయంలో అక్కకూ నాకూ చిన్న వాదన జరిగింది. ఇంత నొప్పిలో బెల్టేమిటని ఆమె, పెట్టుకోవలసిందేనని నేను. కింది పట్టీ కడుపు మీదుగా కాక కడుపు కిందుగా తుంటి ఎముకల మీద, పై పట్టీ రొమ్ముల నడుమ నుంచి దిగి కడుపు పక్కగా పోవాలి. మూడు చోట్ల ఆనుకునే ఈ బెల్టును వోల్వో సంస్థ కోసం 1959లో రూపొందించిన స్వీడన్ ఇంజనీరు నిల్స్ బోలిన్‌కు నిండు గర్భిణులు తట్టారో లేదో గానీ, సరిగ్గా పెట్టుకుంటే అది నొప్పికి అడ్డమేమీ కాదు.

ఇంటి దగ్గర ఉన్నంతసేపూ నొప్పి వచ్చినప్పుడల్లా గోడకు చేతులానించి నడుము ఊపుతూ గడిపాను. కారులో ఆ వీలు లేదు. ఆ ప్రయాణంలో అసలు కష్టం ఇదేనని నాకు అనిపిస్తుంది: నొప్పి ఎక్కువై కాదు, కదలడానికి చోటు లేక. కదలలేని ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి రెట్టింపవుతుంది, దాంతో మళ్లీ భయం. ఈ చక్రాన్ని గుర్తించి చెప్పిన తొలి వైద్యుల్లో ఇంగ్లండుకు చెందిన గ్రాంట్లీ డిక్-రీడ్ ఒకరు. ఆయన చెప్పిన భయం, బిగింపు, నొప్పి అనే మూడు మాటలూ ఆ వెనక సీటులో నాకు అక్షరాలా అనుభవంలోకి వచ్చాయి.

మొదటి నొప్పి కారు వీధి చివరికి రాకముందే వచ్చింది. వీపు కింద, నడుము మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు మొదలై, రెండు పక్కల నుంచీ ముందుకు పాకి, పొత్తికడుపు దగ్గర కలుసుకుని బిగిసింది. కడుపు మీద చేయి వేస్తే బల్లలాగా గట్టిగా ఉంది. నా కుడి చేయి తలుపు మీది పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నదంటే భుజం, మెడ, దవడ అన్నీ కలిసి బిగుసుకుపోయాయి. అక్క ఒక్కొక్క వేలే విడదీసి, నా చేతిని తన అరచేతిలో పెట్టుకుని, "పట్టుకోకు, ఊరికే పెట్టు" అంది. ఆ తర్వాత ఏ నొప్పికీ నేను పిడి పట్టుకోలేదు. దవడ వదులుగా ఉంచి, లోపలికి నాలుగు లెక్కపెట్టే లోగా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా నోటితో మెల్లగా వదులుతూ, వదిలేటప్పుడు సన్నగా మూలిగాను. మూలుగు గొంతు అడుగు నుంచి రావాలి. పైకి లేచి కేకయ్యిందంటే మళ్లీ ఒళ్లు బిగిసినట్టే. 1950లలో ఫ్రాన్సులో ఫెర్నాండ్ లమాజ్ అనే ప్రసూతి వైద్యుడు ప్రచారం చేసిన పద్ధతిలో వేగంగా ఊపిరి తీయడం ఉండేది, ఇప్పుడు నేర్పేవారు ఎక్కువగా నెమ్మది శ్వాసనే చెబుతున్నారు. నెమ్మదే మేలని నా అభిప్రాయం. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెదవులూ వేలికొసలూ చిమచిమలాడి తల తేలిపోతుంది. కారు కుదుపుకు అది తోడైతే వాంతి తప్పదు.

నడుము నొప్పికి బాగా పనికొచ్చింది టెన్నిస్ బంతి. నడుముకూ సీటుకూ మధ్య దాన్ని పెట్టి వెనక్కి ఆనుకుంటే, ఎవరో పిడికిలితో నొక్కుతున్నంత హాయిగా ఉంటుంది. బెల్టు పెట్టుకున్న అక్క నా వైపు తిరిగి నొక్కలేదు కాబట్టి ఆ పని బంతే చేసింది.

మా వారు మొదట వేగంగా నడపబోయారు. ఆ వేగం వల్ల నాకు కలిసివచ్చింది ఏమీ లేదు. నొప్పి లేనప్పుడు స్పీడ్ బ్రేకరు వస్తే అది ఒట్టి కుదుపు. నొప్పి శిఖరం మీద ఉన్నప్పుడు వస్తే అదే కుదుపు కడుపును లోపలి నుంచి గుద్దుతుంది. కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నాము. నొప్పి మొదలవగానే నేను చేయి ఎత్తుతాను, అద్దంలో అది చూసి ఆయన వేగం తగ్గిస్తారు, నేను చేయి దించేదాకా కారులో ఎవరూ మాట్లాడరు, ఏమీ అడగరు. నొప్పి తగ్గిన తర్వాతే మామూలు వేగం. "ఎలా ఉంది?" అన్న ప్రశ్న కంటే చికాకు పెట్టేది ఆ సమయంలో మరొకటి లేదు.

ఒక కూడలిలో ఎర్ర దీపం పడి చాలాసేపు ఆగవలసి వచ్చింది. నిలిచిన కారులో నొప్పి భరించడం నిజానికి సులువు, కుదుపు ఉండదు, ఊపిరి లెక్క తప్పదు. మనసుకు మాత్రం అది ఒప్పదు. ఆగిపోయామన్న ఆలోచనే తొందర పుట్టిస్తుంది. పక్క కారులోని పెద్దాయన నా వైపు చూసి, సంగతి గ్రహించి, మర్యాదగా ముఖం తిప్పుకున్నారు. మా వారు సిగ్నలు దాటేయనా అని అడిగారు. వద్దన్నాను. ఎర్ర దీపం ఉండగానే దూసుకుపోయి ఒక నిమిషం మిగుల్చుకోవడం వల్ల మా లెక్కలో ఏ నొప్పీ తగ్గదు, ఢీకొట్టుకుంటే మాత్రం అన్నీ పోతాయి.

దారిలో సగానికి పైగా వచ్చాక ఉమ్మనీరు పోయింది. లోపల ఏదో చిటుక్కుమన్నట్టయి, వెచ్చటి నీరు తువ్వాళ్లను తడిపి పట్టా మీద నిలిచింది. అక్క ఫోను దీపం వేసి రంగు చూసింది. నీరు తేటగా ఉంది. ఆకుపచ్చగా గానీ గోధుమ రంగులో గానీ ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం, ఆ సంగతి ఆసుపత్రికి వెంటనే చెప్పాలి. ఆమె వేళ చూసి కాగితం మీద రాసింది. బిడ్డ తలకు అడ్డుగా ఉన్న ఆ మెత్తటి నీటి సంచి పోయిన తర్వాత వచ్చిన నొప్పులు వేరే జాతివి. ఎడం కూడా మూడు నిమిషాలకు దిగింది.

అప్పుడు మా వారికి భయం వేసింది, కారులోనే పుడితే ఎలాగని. అందుకు మాకు నర్సు ముందే చెప్పి ఉంచిన సంగతులు ఉన్నాయి. మలవిసర్జనకు వచ్చినట్టు ఆపుకోలేనంతగా ముక్కాలనిపిస్తే ఇక పరుగెత్తకూడదు; కారును రోడ్డు పక్కన భద్రంగా ఆపి, హెచ్చరిక దీపాలు వేసి, అంబులెన్సుకు ఫోను చేసి, వారు చెప్పినట్టు నడుచుకోవాలి. బిడ్డను లాగకూడదు, బొడ్డుతాడును లాగకూడదు, కోయకూడదు. పొడి గుడ్డతో తుడిచి, తల్లి ఒంటికి ఆనించి, ఇద్దరినీ కలిపి కప్పి ఉంచాలి. తొలి కాన్పులో అంత వేగంగా పుట్టడం అరుదు. నాకు అలా ముక్కాలనిపించడం లేదని అక్క మళ్లీ మళ్లీ అడిగి నిర్ధారించుకుంది.

ఆసుపత్రి గేటు దగ్గర ఒక నొప్పి పూర్తయ్యేదాకా కారులోనే ఉండి, తగ్గగానే దిగి చక్రాల కుర్చీలో కూర్చున్నాను. నర్సు అడిగినవన్నీ అక్క కాగితం చూసి చెప్పింది: నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎంత ఎడం, ఉమ్మనీరు ఏ వేళకు పోయింది, ఏ రంగు. చిత్రమేమిటంటే, తెల్లటి దీపాల కిందికి, తెలియని గొంతుల మధ్యకు వచ్చాక నొప్పులు కాసేపు వెనకబడ్డాయి. కంగారు పుడితే అడ్రినలిన్ పెరిగి నొప్పులకు మూలమైన ఆక్సిటోసిన్ తగ్గుతుంది, చాలామందికి ఇలాగే అవుతుందని నర్సు చెప్పింది. పరీక్షించి, పది సెంటీమీటర్లు తెరుచుకోవలసిన గర్భాశయ ముఖద్వారం ఆరు దాకా వచ్చిందన్నది. వరండాలో నాలుగడుగులు వేశాక నొప్పులు తిరిగి వాటి వరస అందుకున్నాయి. బిడ్డ పుట్టేసరికి తెల్లవారి చాలాసేపయింది. ఇంత సమయం ఉన్నప్పుడు ఇంటి దగ్గరే ఇంకాసేపు ఉండవలసిందని అక్క ఇప్పటికీ అంటుంది. ఉమ్మనీరు పోయాక కారులో పడిన ఆ నొప్పులు ఆమెవి కావు కనుక నేను ఒప్పుకోను.