మొక్కల అక్వేరియంలో గ్యాస్ లెక్క, గాలి లెక్క: నా అనుభవం

“గ్యాస్ పెడితే చేపలు పోతాయి, గాలి పెడితే గ్యాస్ పోతుంది.” మొక్కల ట్యాంకు మొదలుపెట్టినవాళ్ల చెవిన మొట్టమొదట పడే మాట ఇది. ఇక్కడ గ్యాస్ అంటే మొక్కల కోసం నీళ్లలోకి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్. దీన్ని నమ్మితే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నాయని అనిపిస్తుంది. నిజానికి నీళ్లలో ఈ రెండు వాయువులూ దేని దారి దానిదే. కార్బన్ డయాక్సైడ్ 30 పీపీఎం (లీటరుకు 30 మి.గ్రా.) ఉన్న నీళ్లలోనే ఆక్సిజన్ కూడా నిండుగా ఉండొచ్చు. రెండూ అడుగంటిన ట్యాంకులూ ఉంటాయి. ఈ సంగతి ఒంటబట్టాకే నా ట్యాంకు కుదుటపడింది.

ట్యాంకు 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. మట్టి, రాళ్లు పోను 150 లీటర్ల పైచిలుకు నీళ్లు. మొక్కల్లో రోటాలా, మాంటే కార్లో, వెనక కొన్ని క్రిప్టోకోరైన్లు; చేపల్లో నియాన్ టెట్రాలు, కొద్దిగా రొయ్యలు. గంటకు వెయ్యి లీటర్లు తిప్పే, ట్యాంకు బయట ఉండే కేనిస్టర్ ఫిల్టర్. గ్యాస్‌కు 2 కిలోల సిలిండర్, రెగ్యులేటర్, సోలెనాయిడ్ (కరెంటుతో గ్యాస్‌ను తెరిచి మూసేది), నీడిల్ వాల్వ్ (గ్యాస్‌ను సన్నగా సర్దేది), బబుల్ కౌంటర్ (బుడగలు లెక్కపెట్టేది), చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది), పింగాణీ డిస్క్ డిఫ్యూజర్ (గ్యాస్‌ను సన్న బుడగలుగా నీళ్లలోకి వదిలేది). పనిచేసే ప్రెషర్ 2 బార్ దగ్గర పెట్టాను. డిస్క్‌లోంచి సన్నటి పొగలా బుడగలు రావాలంటే ఆ మాత్రం ఒత్తిడి కావాలి. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాసి చూడాలి. సిలికాన్ ట్యూబు వాడొద్దు, గ్యాస్ దాని గోడల్లోంచే జారిపోతుంది. పాలీయురేతేన్ ట్యూబు మేలు.

మా బోరు నీళ్ల కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) 15. మూడు వంతుల ఆర్వో నీళ్లకు రెండు వంతుల బోరు నీళ్లు కలిపితే 6కు వచ్చింది. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అప్పుడే తోడిన బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండటం మామూలే. అందుకే బక్కెట్‌లో ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి కొన్ని గంటలు ఆడించాకే ట్యాంకులో పోస్తాను. నీళ్లు మార్చిన రోజే చేపలు పైకి తేలుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గ్యాస్ కరిగేకొద్దీ నీళ్లు ఆమ్లమై పీహెచ్ తగ్గుతుంది. అందుకే గ్యాస్ ఎంత ఉందో అంచనా వేయడానికి పీహెచ్, కేహెచ్ సూత్రం ఉంది: 3ను కేహెచ్‌తో గుణించి, ఆ వచ్చినదాన్ని పదికి 7 నుంచి పీహెచ్ తీసేసినంత ఘాతంతో గుణించాలి. కేహెచ్ 6 అయితే పీహెచ్ 6.8 దగ్గర సుమారు 28 పీపీఎం, 6.6 దగ్గర 45. పీహెచ్‌లో 0.2 మాత్రమే తేడా, గ్యాస్‌లో మాత్రం ఒకటిన్నర రెట్లు. “పీహెచ్ 1 తగ్గితే చాలు” అన్న సూత్రాన్ని గుడ్డిగా పట్టుకోవద్దు. మొదలు 3 పీపీఎం అయితేనే అది 30 అవుతుంది. రాత్రంతా గాలి ఆడిన నీళ్లలో 1 పీపీఎం చుట్టూనే ఉండొచ్చు, అప్పుడు 1 తగ్గినా పదే.

పైగా మట్టి, చెక్క వదిలే ఆమ్లాలు ఈ సూత్రాన్ని తప్పుదారి పట్టిస్తాయి. అందుకే డ్రాప్ చెకర్ కూడా పెట్టాను. ట్యాంకు లోపల తగిలించే చిన్న బుడ్డి అది, గ్యాస్ ఎంతుందో రంగుతో చూపిస్తుంది. దాంట్లో ట్యాంకు నీళ్లు పోయకూడదు, 4 కేహెచ్ ద్రావణమే పోయాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1.2 గ్రాముల వంట సోడా కరిగిస్తే 40 కేహెచ్ వస్తుంది. అందులోంచి 100 మి.లీ. తీసి 900 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 4. నేరుగా 0.12 గ్రాములు తూచబోతే వంటింటి కాటాలో తప్పు వస్తుంది, అందుకే రెండు మెట్లు. దీంట్లో పీహెచ్‌ను బట్టి రంగు మారే బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు రెండు మూడు వేస్తే నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే 30 చుట్టూ, పసుపు అంటే ప్రమాదం. ఆ రంగు గంట నుంచి రెండు గంటలు వెనకబడి ఉంటుంది. మీకు పసుపు కనబడేసరికి చేపకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది.

మొదట్లో ఫిల్టర్ పైపు నీటి అడుగుకు తిప్పి, పైన అల అనేదే లేకుండా ఉంచాను, గ్యాస్ వృథా కాకూడదని. గ్యాస్ ఉదయం 11కు, లైటు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 వరకు. గంటగంటకూ పీహెచ్ రాసుకుంటే అసలు రోగం బయటపడింది. 11కు 7.8, ఒంటిగంటకు 7.2, నాలుగింటికి 6.8, ఏడింటికి 6.6. గ్యాస్ ఎక్కడా ఆగకుండా ఎక్కుతూనే ఉంది. లైటు వెలిగే వేళకు మొక్కలకు 11 పీపీఎమ్మే, సాయంత్రానికి చేపలకు 45. ఆ ఏడింటప్పుడు ట్యాంకు ముందు కూర్చుంటే రెండూ ఒకే చూపులో కనబడ్డాయి. రోటాలా ఆకుల అంచుల నుంచి ఆక్సిజన్ బుడగలు దారం కట్టినట్టు పైకి పోతున్నాయి. వాటి పక్కనే టెట్రాలు నీటి పైపొరకు మూతులు ఆనించి, మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. ఆకుల మీద బుడగలు నిలుస్తున్నాయంటే నీళ్లు పట్టగలిగినంత ఆక్సిజన్ అప్పటికే పట్టేశాయన్నమాట. మరి చేపకు ఊపిరెందుకు ఆడదు? నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చేప రక్తంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం కష్టమవుతుంది. రక్తం ఆమ్లమై హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకోలేకపోతుంది. ఎదురుగా ఉన్నా అందదు.

అక్కడే పద్ధతి తలకిందులు చేశాను. ఫిల్టర్ నీళ్లు బయటికొచ్చే చిల్లుల గొట్టాన్ని (స్ప్రే బార్) పైకి తెచ్చి, నీరు చిమ్మకుండా, పైపొర అంతటా అల ఆడేలా తిప్పాను. పోయే గ్యాస్‌కు తగ్గట్టు బుడగలు రోజుకు కొంచెం చొప్పున పెంచుకుంటూ వారంలో దాదాపు రెట్టింపు చేశాను. అప్పుడు ఒంటిగంటకు 6.9, రెండింటికి 6.8, ఇక రాత్రి ఎనిమిది దాకా 6.8 దగ్గరే. కారణం సులువే. పైపొర కదులుతుంటే గ్యాస్ పెరిగేకొద్దీ బయటికి పోయే వేగమూ పెరుగుతుంది, వచ్చేదీ పోయేదీ తొందరగా సమానమవుతాయి. నీరు నిలకడగా ఉంటే ఆ సమానం రావడానికే రోజు సరిపోదు. గ్యాస్ కొంత ఎక్కువ ఖర్చవుతుంది, నిజమే. కానీ ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చవకైనది గ్యాసే. పైన పేరుకునే నూనెలాంటి పొర కూడా అలతోనే పోతుంది. ఆ పొర ఉంటే ఆక్సిజన్ లోపలికి దిగదు.

సెకనుకు ఎన్ని బుడగలు అని మాత్రం ఎవర్నీ అడగొద్దు. ఒక్కో కౌంటర్‌లో బుడగ సైజు ఒక్కోలా ఉంటుంది.

రాత్రి లెక్క వేరు. లైటు ఆరాక మొక్కలు కూడా చేపలతోపాటు ఆక్సిజన్ తీసుకుంటాయి, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా సరేసరి. తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. కాబట్టి గ్యాస్ లైటుకు గంట ముందే, ఎనిమిదికే ఆగిపోతుంది. తొమ్మిదికి ఎయిర్ పంపు మొదలై ఉదయం పదిన్నర వరకు నడుస్తుంది. చేపలు పైకి తేలితే నేను మొదట చూసేది గడియారమే. పొద్దున్నే అయితే ఆక్సిజన్ తక్కువ, సాయంత్రమైతే గ్యాస్ ఎక్కువ అని అనుమానిస్తాను. గ్యాస్ ఎక్కువైతే సిలిండర్ కట్టేసి, ఎయిర్ స్టోన్ పూర్తిగా తెరిచి, గాలి ఆడించి ఉంచిన నీళ్లతో మూడో వంతు మార్చాలి.

ఎండాకాలంలో పట్టు బిగించక తప్పదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 8.2 మి.గ్రా. ఆక్సిజన్ పడితే, 30 దగ్గర 7.5 మాత్రమే. వేడికి చేపల అవసరమేమో పెరుగుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లకు బదులు ఆర్వో నీళ్లే పోయాలి, లేకపోతే కేహెచ్ పెరిగి పీహెచ్ లెక్కలన్నీ తప్పుతాయి.

సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. లోపల ద్రవం ఉన్నంతసేపు ప్రెషర్ గేజ్ ముల్లు పెద్దగా దిగదు, కాబట్టి ఎంత మిగిలిందో తూచి తెలుసుకోవాలి. ద్రవం అయిపోయి ప్రెషర్ పడిపోయేటప్పుడు సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్ (ఒత్తిడిని ఒకే మెట్టులో తగ్గించేది) బయటికిచ్చే ఒత్తిడి పెరిగి, గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువగా వచ్చే ప్రమాదం ఉంది. ముల్లు కిందికి జారడం మొదలవగానే మార్చేయండి.

చివరగా కరెంటు. సోలెనాయిడ్ ఇన్వర్టర్ లైను మీద, ఫిల్టర్ మామూలు లైను మీద ఉంటే, కరెంటు పోయినప్పుడు కదలని నీళ్లలోకి గ్యాస్ పోతూనే ఉంటుంది. రెండూ ఒకే లైను మీద ఉండాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి విడిగా పెట్టుకోవాలి. బ్యాటరీ లేని తిప్పుడు టైమర్లు కరెంటుతోపాటే ఆగిపోతాయి. గ్యాస్‌కు అలాంటిది, లైటుకు బ్యాటరీ ఉన్నది పెడితే, మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయిన రోజు ఎనిమిదికి ఆగాల్సిన గ్యాస్ పదకొండుకు ఆగుతుంది, అదీ చీకట్లో. లైటుకు, గ్యాస్‌కు, ఎయిర్ పంపుకు మూడింటికీ లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్లే పెట్టాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మూడింటి టైమూ ఒకటేనా అని చూస్తాను.