థర్మల్ కేంద్రంలో సైబర్ ఆడిట్: నా అనుభవం

నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో కంట్రోల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో విద్యుత్ రంగానికి సైబర్ భద్రతా మార్గదర్శకాలు విడుదల చేసిన తరువాత, మా యూనిట్‌ను ఆడిట్‌కు సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. ఫైర్‌వాల్ కొని బిగిస్తే సరిపోతుందని పై అధికారులు చాలామంది అనుకున్నారు. అయితే ఎక్కువ కాలం పట్టింది మా దగ్గర ఏయే పరికరాలున్నాయో, ఏది దేనితో కలిసి ఉందో రాసుకోవడానికే.

డ్రాయింగులు కమిషనింగ్ (ప్లాంటు తొలిసారి నడిపిన) నాటివి. ఆ తరువాత బిగించినవేవీ వాటిలోకి ఎక్కలేదు. అందువల్ల కంట్రోల్ రూమ్‌లో కేబుళ్ల పైన పరిచిన ఫాల్స్ ఫ్లోరింగ్ పలకలు ఒక్కొక్కటే ఎత్తి, ప్రతి కేబుల్‌కూ రెండు చివరలా ట్యాగులు కట్టుకుంటూ వెళ్లాము. నెట్‌వర్క్‌లోని పరికరాలన్నింటినీ పలకరించి చూసే స్కానర్ సాఫ్ట్‌వేర్ నడిపితే క్షణాల్లో జాబితా వస్తుంది కదా అని ఐటీ విభాగం వారు అడిగారు. ఊహించని ప్యాకెట్లు (డేటా తునకలు) వస్తే పాత పీఎల్‌సీలు (పంపులు, వాల్వులను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్లు) నిలిచిపోయే ప్రమాదం ఉంది కనుకనూ, బాయిలర్ నడుస్తుండగా దానికి నీరందించే ఫీడ్ పంపు ట్రిప్ అయితే (ఆగిపోతే) జవాబు చెప్పుకోవలసింది మేమే కనుకనూ, నేను ఒప్పుకోలేదు. నెట్‌వర్క్ స్విచ్‌లో ట్రాఫిక్ నకలు ఇచ్చే మిర్రర్ పోర్టు పెట్టి, వచ్చిపోయే ట్రాఫిక్‌ను గమనించడంతో సరిపెట్టుకున్నాము.

నీటి శుద్ధి ప్లాంటు పీఎల్‌సీ మోడ్‌బస్ మీద, అంటే పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఒక పద్ధతి (ప్రోటోకాల్) మీద నడుస్తుంది. 1979లో పుట్టిన ఈ ప్రోటోకాల్ ఆదేశం ఇచ్చేది ఎవరని అడగదు. నెట్‌వర్క్‌లో మోడ్‌బస్ వాడే 502 పోర్టు దాకా రాగలిగిన ఏ యంత్రం వాల్వు తెరవమన్నా తెరుస్తుంది. కాబట్టి అక్కడిదాకా రానివ్వకపోవడమే రక్షణ. తీరా చూస్తే ఆ ప్యానెల్ వెనుకే సిమ్ కార్డుతో ఒక 4జీ రౌటర్ దొరికింది. దూరం నుంచి సర్వీసు చేయడానికి సరఫరాదారు ఎప్పుడో పెట్టి వెళ్లినది. వారంటీ ముగిసినా దాని దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఇంటర్నెట్‌తో మాకు సంబంధమే లేదని ఏటా రాసిచ్చిన నివేదికల విలువ ఎంతో అప్పుడు తెలిసింది. దానిని పీకివేసి, ఇకపై సరఫరాదారు జంప్ సర్వర్ (మధ్యలో ఉండి రాకపోకలను అదుపు చేసే కంప్యూటర్) ద్వారా, షిఫ్ట్ ఇన్‌ఛార్జి అనుమతితో, పని ఉన్నంతసేపే లాగిన్ కావాలని నియమం పెట్టాము.

యూఎస్‌బీ పోర్టులు మూయించడానికి పెద్దగా వాదించవలసిన అవసరం రాలేదు. యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా పారిశ్రామిక కంట్రోల్ వ్యవస్థల్లోకి చొరబడిన, 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ పేరు ఎత్తగానే అందరూ ఒప్పుకున్నారు. ప్యాచ్‌ల (సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే అప్‌డేట్ల) సంగతి వేరు. డీసీఎస్ (ప్లాంటును నడిపే ప్రధాన కంట్రోల్ వ్యవస్థ) తయారీదారు పరీక్షించి సరేననాలి, ఆపైన యూనిట్‌ను ఆపి చేసే ఓవర్‌హాలింగ్ కోసం ఆగాలి.

ఆడిట్ పత్రంలో బ్యాకప్‌ల గురించి చాలా ప్రశ్నలున్నా, కంట్రోల్ రూమ్ కంప్యూటర్ తెరలు చేజారితే ప్లాంటును చేతితో ఎలా నడుపుతారన్న దానికి దక్కింది ఒక్క గడి మాత్రమే. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో దాడి చేసినవారు ఆపరేటర్ల తెరల మీదనే బ్రేకర్లు (సరఫరాను కలిపే, తెంచే స్విచ్‌లు) తెరిచి సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు తీసేసినప్పుడు, సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేతితో బ్రేకర్లు వేయడం వల్లనే కొన్ని గంటల్లో సరఫరా తిరిగి వచ్చింది. ఆ ఉదాహరణ చూపించి నీటి శుద్ధి ప్లాంటులో మాక్ డ్రిల్ పెట్టించాను. కరెంటుతో పనిచేసే సొలెనాయిడ్ వాల్వు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మాన్యువల్ ఓవర్‌రైడ్ ఎక్కడుందో పాత ఆపరేటర్లు వెంటనే చూపించారు. కొత్తగా చేరిన వారిలో పలువురు దానిని అదే మొదటిసారి చూడడం. ఇప్పుడు ఆ డ్రిల్‌ను ప్రతి షిఫ్ట్ బృందానికీ విడివిడిగా పెడుతున్నాము.