ఖాళీ గడులన్నీ ఎరుపే

పొద్దున ఎక్సెల్‌లో మందుల స్టాక్ షీట్ తెరిస్తే సగం వరుసలు ఎర్రగా ఉన్నాయి. అన్నిటికీ గడువు దాటిపోయినట్టే! తీరా చూస్తే ఆ వరుసల్లో అసలు తేదీయే లేదు.

కండిషనల్ ఫార్మాటింగ్‌లో, అంటే షరతును బట్టి గడికి రంగు వేసే చోట, పెట్టిన ఫార్ములా "డి2 టుడే కన్నా తక్కువ". గడువు తేదీ డి కాలమ్‌లో ఉంది, టుడే అంటే ఈరోజు తేదీ ఇచ్చే ఫంక్షన్. ఎక్సెల్ ఖాళీ గడిని సున్నాగా లెక్కేస్తుంది, సున్నా ఈరోజు తేదీ కన్నా తక్కువే కదా. రెండు షరతులూ నిజమైతేనే ఒప్పుకునే యాండ్ ఫంక్షన్ వాడి "డి2 ఖాళీ కాకూడదు" అన్న షరతు కూడా చేరిస్తే ఆ ఎరుపు పోతుంది. వరుస మొత్తానికి రంగు రావాలంటే డాలర్ గుర్తు డి ముందు మాత్రమే పెట్టాలి. 2 ముందు కూడా పెడితే ప్రతి వరుసా రెండో వరుసనే చూస్తుంది.

నాకు అసలు భయం ఎర్రబడని వాటితోనే. 31.03.2025 అని చుక్కలతో కొట్టిన తేదీ చాలాసార్లు తేదీగా మారక టెక్స్ట్‌గానే ఉండిపోతుంది. పోల్చేటప్పుడు ఎక్సెల్‌కి టెక్స్ట్ ఏ అంకె కన్నా అయినా పెద్దదే. అంటే గడువు దాటిన మందు కూడా ఎప్పటికీ ఎర్రబడదు! అలైన్‌మెంట్ మార్చకపోతే తేదీ కుడివైపు ఉంటుంది, ఎడమకి అతుక్కుంటే అనుమానించండి. కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్, మూడో స్టెప్‌లో డేట్, డీఎంవై (రోజు, నెల, సంవత్సరం వరుస) ఎంచుకోండి. అన్నీ ఒకేసారి మారతాయి.

30 రోజుల్లో గడువు ముగిసేవాటికి పసుపు పెడుతుంటే, మేనేజ్ రూల్స్‌లో ఎరుపు రూల్ పైన ఉండాలి. పసుపు రూల్‌కి గడువు దాటిన తేదీలు కూడా సరిపోతుంటే, పసుపు పైకెక్కినప్పుడు అవీ పసుపులోనే కనిపిస్తాయి.

స్టేటస్ కాలమ్‌లో "గడువు దాటింది" అన్న మాట కూడా ఉంచండి. నలుపు తెలుపు ప్రింట్‌లో రంగు కనిపించదు.